నేను కాదు సార్

సార్ వంటింట్లోకి వచ్చి ఉప్పు డబ్బా మూత తీసేవారు. ఒక చిటికెడు నోట్లో వేసుకుని చప్పరించి, ముఖం చిట్లించుకుని మావైపు తిరిగేవారు.

"దీంట్లో చక్కెర కలిపింది ఎవుర్రా?"

ఎవరూ కలపలేదు. ఉప్పు ఉప్పులాగే ఉంది. అది ఆయనకూ తెలుసు. అయినా మాలో ఒకణ్ని వేలితో చూపించి "నువ్వే గదా?" అనేవారు. ఆ వేలు మొదటిసారి నావైపు తిరిగేటప్పటికి నేను ఆ ఇంటికి వచ్చి వారం కూడా కాలేదు. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "నేనే సార్, ఇంకోసారి చెయ్యను" అన్నాను.

"అట్లనా? అయితే పొయ్యి అంట్లన్నీ తోము."

తోమాను. అది అన్యాయమని నాకు తోచనేలేదు. వంటింటి గడపలో నిలబడి ఆయన నన్నే చూస్తున్నారు. తప్పు చేసినవాణ్ని చూసే చూపు కాదది. జబ్బుపడినవాణ్ని చూసే చూపు.

పోయిన నెల సార్ చనిపోయారు. కబురు నాకు షిఫ్టు మధ్యలో అందింది. ఆ సాయంత్రం గదికి వచ్చి ఆయన గురించి నాకు తెలిసినవన్నీ వరసగా గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. పనిలో అబ్బిన అలవాటు. ఒక యంత్రం మొరాయిస్తే ముందు తెలిసినవి ఒకవైపు, తెలియనివి ఒకవైపు పెట్టుకుంటాం. తెలియనివాటి వైపే బరువెక్కువైంది. ఆయన సొంత ఊరు తెలియదు. పెళ్లయిందో లేదో తెలియదు. దేవుణ్ని నమ్మేవారో లేదో తెలియదు. తిరుపతిలో ఉంటూ ఆ సంగతి తెలియనివ్వకుండా బతకడం మామూలు విషయం కాదు. తెలిసినవన్నీ చిన్నవి. టీ సాసర్లో పోసుకుని, చల్లారేదాకా చూస్తూ కూర్చుని, చల్లారాక "చల్లారిపొయ్యింది" అని విసుక్కుని తాగేవారు. చెప్పులు వాకిలివైపు తిప్పి విడిచేవారు, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవలసి వస్తుందన్నట్టు. ఎవరైనా "నాయనా" అని పిలవబోతే "సార్ చాలు" అనేవారు.

ఇంకొకటి, వేళ్లు. ఆయన చిత్తూరు కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఆయన పది వేళ్లూ తొడలమీద కదులుతూ ఉండేవి. విన్న మాట విన్నట్టు అక్కడ టైపు అయిపోయేది. అబద్ధం చెబితే వేళ్లు ఆగిపోతాయని మాలో చాలామంది నమ్మేవాళ్లు. నేను చాలాసార్లు గమనించి చూశాను. అబద్ధానికి ఆగేవి కావు. "నేనే సార్" అన్నప్పుడు ఆగేవి.

ఆ ఇల్లు తిరుపతి కొర్లగుంటలో మేడమీద రెండు గదులు, ఒక వంటిల్లు. పద్దెనిమిదేళ్లు నిండగానే పిల్లల హోమ్‌ల నుంచి బయటికి పంపేసిన మాలాంటివాళ్లం చదువో పనో కుదిరేదాకా అక్కడ ఉండేవాళ్లం. నేను పాలిటెక్నిక్ డిప్లొమా అక్కడ ఉండే పూర్తిచేశాను.

హోమ్‌లో పెరిగినవాళ్లకు కొన్ని పనులు రావు. తాళంచెవి జాగ్రత్త పెట్టుకోవడం రాదు, ఎందుకంటే మాకు తాళం వేసుకునేదేదీ ఉండదు. కొట్లో ఏ సబ్బు కావాలని అడిగితే నోరు పెగలదు. మంచినీళ్లు కూడా అడిగి తాగుతాం. పెద్దవాళ్లు గదిలోకి వస్తే, తింటున్న కంచం ముందు నుంచి కూడా లేస్తాం. ఇవన్నీ కొన్నాళ్లకు పోతాయి. పోనిది ఒకటుంది.

నేను పెరిగిన హోమ్‌లో ఏదైనా పగిలితే అందర్నీ ఆవరణలో నిలబెట్టేవాళ్లు. ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా అన్నం లేదు. పగలగొట్టింది ఎవరో తేలడంతో వాళ్లకు పనిలేదు, ఎవరో ఒకరు ఒప్పుకుంటే చాలు. అది అర్థమయ్యాక మేం వంతులు పెట్టుకున్నాం. ఈసారి నువ్వు, వచ్చేసారి వాడు. చిన్న తరగతులవాళ్లకు వంతు లేదు. జ్వరం వచ్చినవాడి వంతు పక్కమంచం వాడిది. వంతు తీసుకుని దెబ్బలు తిన్నవాడికి ఆదివారం గుడ్డులో పచ్చసొన మిగతావాళ్లు ఇచ్చేవాళ్లు. అది అబద్ధమని మాకెప్పుడూ అనిపించలేదు. నీళ్లు మోసే వంతులాంటిదే అదీనూ. పైగా అందులో ఒక మర్యాద ఉండేది. తర్వాత తెలిసింది, వేరే హోమ్‌ల నుంచి వచ్చినవాళ్లకూ ఇలాంటి వంతులే ఉండేవని.

సార్ ఆ వంతుల మీద కక్ష కట్టారు. ఆయన చేసిందంతా అదొక్కటే అన్నా తప్పులేదు. నీతులు చెప్పేవారు కాదు. మాకు ఉద్యోగాలు వెతికిపెట్టేవారు కాదు. ఎవరైనా వెళ్లిపోతుంటే బస్టాండుకు కూడా వచ్చేవారు కాదు. నిందలు వేసేవారు, అంతే. పంపు కట్టెయ్యలేదని, పాలు విరగ్గొట్టామని, మేడమెట్ల మీద ఉమ్మేశామని. ఒప్పుకున్నవాడు ఆ పూట చాకిరీ చెయ్యాలి. కాదన్నవాడిని వదిలిపెట్టేవారా అంటే, అంత సులువుగా కాదు. నా వంతు వచ్చిన ఒక రోజు నాకు బాగా గుర్తుంది.

"నా కళ్లజోడు తొక్కింది నువ్వే గదా?"

"కాదు సార్."

"నువ్వేనని వాళ్లు జెప్తా ఉండారే."

"కాదు సార్."

"నాకే ఎదురు జెప్తావా? నీకు ఈడ తిండి పెట్టేది ఎవురు?"

అప్పటిదాకా ఆ మాట ఎత్తలేదాయన ఎప్పుడూ. "మీరే సార్. అయినా నేను కాదు" అన్నాను.

తొడమీద వేళ్లు ఆగకుండా ఆడుతున్నాయి. "సరే, పొయ్యి తిను" అన్నారు. కళ్లజోడు ఆయన జేబులోనే ఉంది.

నిజంగా ఏదైనా పగిలిన రోజు మాత్రం ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. ఒకసారి సార్ తాగే గాజుగ్లాసు ఒకడి చేతిలోంచి జారి పగిలింది. మేమంతా గోడకు చేరి నిలబడ్డాం. ఆయన చీపురు తెచ్చి, వంగి, తానే ఊడ్చి, పెంకులు కాగితంలో చుట్టి బయట పడేసి వచ్చి, "సంగటి చల్లారిపోతాది, రండి" అన్నారు. ఆ పూట మాలో ఎవరికీ ముద్ద దిగలేదు. ఎవరూ ఒప్పుకోని తప్పు ఇంట్లో ఉంటే ఊపిరాడేది కాదు మాకు.

ఈ పద్ధతి అందరికీ నచ్చలేదు. "ఈయనకి మెంటలబ్బా" అని ఒకడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. వాడు వెళ్లిన రోజే నేను అడిగాను, ఎందుకు సార్ ఇదంతా అని. ఆయన చాలాసేపు టీ వైపు చూశారు.

"కోర్టులో ఒక పిల్లోడు నేనే అన్నాడు. టైపు కొట్టినా. జడ్జిగారు మళ్లా అడిగితే మళ్లా నేనే అన్నాడు. అదీ కొట్టినా. వాడు లోపలికి పొయ్యినంక నిజంగా చేసినోడు ఇంకో కేసులో దొరికినాడు. అంతలోకే అయిపొయ్యింది వాడి పని." సాసర్ దగ్గరికి లాక్కున్నారు. "నేను కొట్టిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు ల్యా. అదీ నా పనితనం."

అయిపోయిందంటే ఏమైందని నేను అడగలేదు.

ఇక మునిరాజా సంగతి. పలమనేరు వైపు కుర్రవాడు, నాకన్నా నాలుగేళ్లు చిన్న. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాడు ఒక్కసారి కూడా "కాదు" అనలేదు. చక్కెర కలిపానన్నాడు, కళ్లజోడు తొక్కానన్నాడు. విసిగిపోయి సార్, నేను సెలవుకు వెళ్లినప్పుడు ఒకరోజు "పక్కింటోళ్ల మేకని దాచిపెట్టింది నువ్వే గదా?" అన్నారు. పక్కింటివాళ్లకు మేకే లేదు.

"నేనే సార్."

"యాడ పెట్టినావురా?"

"ఎతికి తెస్తా సార్."

మేం పొట్ట పట్టుకుని నవ్వాం. సార్ నవ్వలేదు. ఆయన వేళ్లు తొడమీద చచ్చినట్టు పడి ఉన్నాయి.

అప్పటికి నేను శ్రీసిటీలో ఏసీల విడిభాగాలు చేసే ఒక ప్లాంటులో, నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తున్నాను. మునిరాజాకు అక్కడే ట్రైనీగా అవకాశం వచ్చింది. సూళ్లూరుపేటలో నా గదిలోనే ఉండేవాడు. అన్నం బాగా వండేవాడు, జీతం మొదటిసారి చేతికొచ్చిన రోజు ఏం కొనుక్కోవాలో తెలియక నాకు చొక్కా కొనుక్కొచ్చాడు.

ఒక సాయంత్రం వాడు గదికి వచ్చి, చేతులు కడుక్కుని, బియ్యం చెరుగుతూ చెప్పాడు. "అన్నా, రేపు నన్ను తీసేస్తారేమో."

వాళ్ల బల్ల మీద ఒక గేజి ఉంటుంది. భాగాల మందం కొలిచే పరికరం. ఆ రోజు ఎవరో దాన్ని కింద పడేశారు. ముల్లు వంగింది. వంగిన ముల్లుతోనే షిఫ్టు ముగిసేదాకా కొలిచారు. ఎప్పుడు వంగిందో తెలియదు కాబట్టి ఆ షిఫ్టులో చేసిన ప్రతి భాగమూ అనుమానమే, సరుకంతా ఆపెయ్యాలి. లైన్ లీడర్ ట్రైనీలందర్నీ వరసగా నిలబెట్టాడు. "ఎవురో ఒకరు ఒప్పుకోండి. లేకపోతే ఇంటికి పొయ్యే బస్సు కదల్దు" అన్నాడు. కాసేపటికి మునిరాజా ఒక అడుగు ముందుకు వేసి "నేనే సార్" అన్నాడు. బస్సు కదిలింది.

"నువ్వు పడేసినావా?" అని అడిగాను.

"లేదన్నా."

"మరి?"

"వాళ్లకి ఇండ్లుండాయి గదన్నా. పిలకాయలుండారు. నాకెవురుండారు, నువ్వే గదా, నువ్వెట్లైనా లేటుగానే వస్తావు."

మర్నాడు మధ్యాహ్నం విచారణ. పొరపాటున పడేసి ఉంటే ఉద్యోగం పోతుంది, కావాలని చేసి ఉంటే పోలీసు కంప్లైంటు అని వాడికి చెప్పి పంపారు. నేను సార్‌కి ఫోన్ చేశాను. "వస్తా ఉండా" అన్నారు.

పొద్దున్నే దిగారు. చెప్పులు వాకిలివైపు తిప్పి విడిచి, గోడకు ఆనుకుని కూర్చుని, మునిరాజాను ఎదురుగా నిలబెట్టారు. తిట్టలేదు. విచారణ చేసే మేనేజరుగా మారిపోయారు.

"గేజి పడేసింది నువ్వే గదా?"

మునిరాజా నేలచూపులు చూశాడు. "నేను... నిన్న చెప్పేసినా గదా సార్. ఇప్పుడు మాట మారిస్తే బాగుండదు."

మళ్లీ అడిగారు. మళ్లీ అదే. నా వల్ల కాలేదు. సార్‌ను మెట్లమీదికి పిలిచాను.

"సార్, నేను చెప్తే అయిపోతాది. నిన్న వాణ్ని స్టోరుకి పంపింది నేనే. వాడు పొయ్యేటప్పుడు ఆ గేజి బాగుండాది, నేనే చెక్ చేసినా. వాడు తిరిగొచ్చేటప్పటికి అందర్నీ నిలబెట్టేసినారు. వాడు దాన్ని ముట్టుకునే సందే ల్యా."

సార్ వింటూ మెట్టుమీద కూర్చున్నారు. వేళ్లు కదిలి ఆగాయి.

"నువ్వు జెప్పొద్దు."

"సార్?"

"ముందుగా జెప్పొద్దు. వాడు జెప్పినంక జెప్పు."

"వాడు చెప్పకపోతే?"

వీధిలోకి చూశారు. "అప్పుడు నీ ఇష్టం."

"పోలీసులకిస్తామంటా ఉండారు సార్."

"పోలీసులకిస్తే ఏమైతాదో నాకు నువ్వు జెప్పల్నా?" గొంతు పెరగలేదు, గట్టిపడింది. "ఈసారి నువ్వు ఇడిపిస్తావు. రేప్పొద్దున నువ్వు పక్కన ఉండవు. నేనసలే ఉండను. అప్పుడు మళ్లా నేనే అంటాడు."

ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగినది గౌరవం కాదు. ఒక కుర్రవాడి ఉద్యోగాన్ని, పేరును పందెం పెట్టి తన పాత లెక్క సరిచేసుకుంటున్నాడనిపించింది. అయినా సరేనన్నాను. ఆయన మాటను కాదనడం ఆయనే నేర్పినా, అప్పుడు నోరు రాలేదు.

మధ్యాహ్నం ముగ్గురం ప్లాంటుకు వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ సార్‌ను ఆపాడు. లోపలికి ఫోన్ చేశాడు. "మీరు అబ్బాయికి నాయనా? గార్డియనా? ఎవురో ఒకరైతే పంపమంటా ఉండారు."

అవునంటే సరిపోయేది. సార్ తల అడ్డంగా ఊపారు. "వాడికి పద్దెనిమిది దాటినాయి. గార్డియన్ అక్కర్లా. నేను ఈడే ఉంటా." వెళ్లు అన్నట్టు నావైపు గడ్డం ఎత్తారు.

మేనేజరు చెన్నై మనిషి. మంచివాడు. అదే ఇబ్బంది అయింది. మునిరాజాను కూర్చోమన్నాడు. వాడు కూర్చోలేదు.

"తంబీ, నిన్న ధైర్యంగా ఒప్పుకున్నావు. సంతోషం. నేను కేసు దాకా పోవాలనుకోవడం లేదు. చెయ్యి జారి కింద పడింది, అంతే కదా? అదొక్క మాట చెప్పు, ఈ నెల జీతం ఇచ్చి పంపించేస్తా."

అంతకన్నా సులువైన దారి ఎవరూ చూపించరు. మునిరాజా ముఖంలో ఎప్పటిదో ఒక నెమ్మది కనిపించింది. ఆవరణలో మా వంతు తీసుకుని, అయిపోయిందనుకునేటప్పటి నెమ్మది. నాకు తెలుసు అది.

"కింద..." అన్నాడు.

"ఆ. కింద పడింది." మేనేజరు తల ఊపాడు.

నా నోట్లో మాట నాలుక చివర ఉంది. వాడు జెప్పినంక జెప్పు అన్నారు సార్. వాడు ఇంకో మాట పూర్తి చేస్తే, ఆ తర్వాత నేను చెప్పేది స్నేహితుణ్ని కాపాడుకోవడానికి అల్లిన మాట అయిపోతుంది. మునిరాజా పెదవులు మళ్లీ కదిలాయి.

అప్పుడు లైన్ లీడర్ కలగజేసుకున్నాడు. "హోమ్ పిలకాయలు ఇంతే సార్. ఒకణ్ని తెచ్చినారంటే వాడు ఇంకొకణ్ని తెస్తాడు." నావైపు చూశాడు. "ఈయన కూడా ఆడినించి వచ్చినాయనే. ఈయన చూసే లెక్కలు కూడా ఒకసారి సూసుకోవాల."

మునిరాజా తల ఎత్తాడు.

"నేను కాదు సార్."

ఎంత చిన్నగా అన్నాడంటే మేనేజరు "ఏమన్నావు?" అన్నాడు.

"నేను కాదు సార్. నేను పడెయ్యలా."

"నిన్న నువ్వే అన్నావు కదా?"

"నిన్న అబద్ధం చెప్పినా. బస్సు ఆపేసినారు, అందరికీ ఇండ్లకి పోవాల. అందుకని చెప్పినా."

"అయితే ఎవరు పడేశారు?"

"తెలీదు సార్. నేను లేను ఆడ."

అప్పుడు నేను చెప్పాను. స్టోరుకు పంపింది నేనేనని, ఎప్పుడు పంపానో, గేజి అప్పుడెలా ఉందో అన్నీ వరసగా. స్టోరు వాళ్లను పిలిచి అడిగారు. సరిపోయింది. మేనేజరు నన్ను అదోలా చూశాడు. "ఈ మాట ముందే చెప్పి ఉండొచ్చు కదా?"

మునిరాజా ఉద్యోగం నిలిచింది. అబద్ధం చెప్పినందుకు ట్రైనింగు మొదటినుంచీ మళ్లీ చెయ్యమన్నారు, ప్యాకింగులో. మిగతా ట్రైనీలను పిలిపించి మళ్లీ నిలబెట్టారు. గేజి పడేసింది ఎవరో ఈనాటికీ తేలలేదు.

గేటు దగ్గర సార్ ఎండలోనే నిలబడి ఉన్నారు. సెక్యూరిటీ తన స్టూలు ఇచ్చినా కూర్చోలేదట. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నేను చెప్పాను. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. నాకు ఒళ్లు మండింది.

"వాడు నోరు తెరవకపొయ్యుంటే సార్?"

"నువ్వు జెప్పేవాడివి."

"మీరు చెప్పొద్దన్నారు."

"ముందుగా జెప్పొద్దన్నా."

"వాడు తనకోసం చెప్పలేదు సార్. ఆ లైన్ లీడర్ నన్ను అన్నాడని చెప్పినాడు. నా కోసం."

సార్ ఆ మాట తొడమీద టైపు కొడుతున్నట్టు వేళ్లు కదిలించారు. "ఎవురి కోసమైతే ఏమబ్బా. దారి కనుక్కునింది గదా నోరు." అంతే అన్నారు. మా గదికి రమ్మంటే రాలేదు, మునిరాజాను చూడనూ లేదు. తిరుపతి బస్సు ఎక్కి వెళ్లిపోయారు. ఆయన చేసింది సరైనదేనని ఆ రోజు అనుకోలేదు. ఈ రోజు కూడా పూర్తిగా అనలేను. ఒక్క మాట అటు పడి ఉంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది, నేను బహుశా రాసేవాణ్నే కాదు.

మర్నాటి సాయంత్రం ఆయనకు ఫోన్ చేశాను. కోపం ఇంకా తగ్గలేదు. ఏం జరిగిందో ఆయన వినాలనిపించింది.

"సార్, బస్సులో వాడి పక్కన ఎవురూ కూర్చోలేదు. వాడు మాట మార్చినందుకే మేం మళ్లా నిలబడాల్సొచ్చిందని మొకం మీదే అన్నారు. పోయినసారి కాపాడి ఈసారి ఇరికించినాడని."

"వాడేమన్నాడు?"

"ఏమీ అన్లా. ఖాళీ సీటు దొరికిందని కిటికీ పక్కన జరిగి కూర్చున్నాడు. తడ దాటకముందే నిద్రపొయ్యినాడు."

అవతల సాసర్ కింద పెట్టిన చప్పుడైంది.

"నిద్రపొయ్యినాడా?"

"అవును సార్. సూళ్లూరుపేటలో నేనే లేపినా."

"బాగా పొయ్యినాడా, లేకుంటే ఊరికే కండ్లు మూసుకున్నాడా?"

"నోరు తెరుచుకుని పొయ్యినాడు సార్."

"సరే అయితే పెట్టేయ్" అన్నారు. "మొన్న నువ్వు ఫోన్ చేసిన కాడినించి నాకు నిద్ర ల్యా."